కారు పెయింటుకు రోటరీ పాలిషర్ ఏది కొనాలి: మకిటానా, బాషా, ఆన్‌లైన్‌లో వచ్చే చౌక మెషినా?

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి చదివేవాళ్ల కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తా. ప్రొద్దుటూరులో సెకండ్ హ్యాండ్‌లో నల్ల సెడాన్ కొన్నావు. పైనంతా బోరు నీళ్ల మచ్చలు, ఎండలో నిలబెడితే ఒళ్లంతా గుండ్రటి సన్నగీతలు. ముందు ఈ బండిని నువ్వే బాగుచేసుకుని, చేయి కుదిరితే చిన్నగా పాలిషింగ్ అంగడి పెట్టుకోవాలని ఉంది. మకిటా 9237, బాష్ జీపీఓ, ఆన్‌లైన్‌లో చాలా తక్కువకు వచ్చే పేరులేని 1200 వాట్ల మెషిన్, వీటిలో ఏది కొనాలని అడిగావు. ఇంట్లో ఉన్న గ్రైండరుకే ఊలు ప్యాడు తగిలిస్తే చాలదా, డ్యూయల్ యాక్షన్ (ప్యాడు తిరుగుతూనే పక్కకు ఊగే మెషిన్, డీఏ అంటారు) మేలా, పాత మెషిన్ కొనొచ్చా అని కూడా అడిగావు.

నేను అనంతపురంలో పెయింటింగ్ షెడ్డులో పని నేర్చుకున్నా. ఇప్పుడు పాలిషింగ్ ఒక్కటే చేస్తున్నా. నాకు తెలిసినంతలో చెప్తా.

గ్రైండరు సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. పెయింటు మీద మనం పని చేసేది 600 నుంచి 2000 లోపు. బొచ్చు ప్యాడు ఎంత మెత్తగా ఉన్నా ఆ స్పీడుకు క్లియర్ కోటు, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొర, క్షణాల్లో కాలిపోతుంది. తాడిపత్రి, బేతంచెర్ల దిక్కు బండల పాలిష్ మెషిన్లు దొరుకుతాయి కదా, అవి వాడొచ్చా అని నన్ను అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ మెషిన్లు నీళ్లు పోసుకుంటూ రాయిని అరగదీయడానికి చేసినవి. వాటిని కారు దగ్గరికి తేవద్దు.

ఇంత భయం ఎందుకంటే, మనం రుద్దే పొర అంత పల్చన. కంపెనీలో వేసిన పెయింటు మొత్తం, అంటే ప్రైమరు, రంగు, క్లియర్ కోటు అన్నీ కలిపి, ఇంచుమించు 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది. అందులో క్లియర్ కోటు మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే మనం పని చేసేది వెంట్రుకకన్నా పల్చటి పొర మీద. అందులోనూ కొన్ని మైక్రాన్లు మాత్రమే తీయొచ్చు, మిగిలింది ఎండ నుంచి రంగును కాయాలి. నీది సెకండ్ హ్యాండ్ బండి, అదివరకే ఎవరో రుద్ది ఉండొచ్చు. వీలైతే పెయింటు మందం కొలిచే మీటరు ఎవరి దగ్గరైనా తెచ్చి అన్ని ప్యానెళ్లూ కొలువు. ఒక డోరు 110 చూపించి పక్క డోరు 300 చూపిస్తే ఆ డోరుకు మళ్లీ పెయింటు పడిందని అర్థం. వెయ్యి దాటితే లోపల పుట్టీ ఉంది. మామూలు మీటరు రేకు మీదే పని చేస్తుంది, ప్లాస్టిక్ బంపరు మీద చూపదు. పైగా అది మొత్తం మందం చెప్తుందే గానీ క్లియర్ కోటు ఎంతుందో విడిగా చెప్పదు.

ఇక మెషిన్లు. అంగట్లో అందరూ ముందు చూసేది వాట్లు, ఆ తర్వాత టాప్ స్పీడు. నేను ఆ రెండూ చివర చూస్తా. పాలిషర్‌ను 3000 మీద పెట్టి రుద్దే అవసరం నీకు ఎప్పుడూ రాదు. అది ఎంత నెమ్మదిగా తిరగగలదు, నొక్కినా ఆ నెమ్మది మీద నిలబడుతుందా, మెషిన్ మంచీచెడూ తేలేది అక్కడే. రోటరీ ప్యాడు ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది, వేడంతా ఒకే చోట పుడుతుంది. ఆ వేడి మన అదుపులో ఉండాలంటే స్పీడు మన అదుపులో ఉండాలి. ప్యాడు అంచు దగ్గర వేగం ఇంకా ఎక్కువ. డయల్ 1500 మీద ఉంటే 180 మిల్లీమీటర్ల ప్యాడు అంచు సెకనుకు 14 మీటర్లు పరుగెత్తుతుంది, అదే స్పీడులో 75 మిల్లీమీటర్ల చిన్న ప్యాడు అంచు 6 మీటర్లే. పెద్ద ప్యాడు పెట్టినప్పుడు డయల్ తగ్గించాలనేది అందుకే.

మకిటా 9237 నిమిషానికి 600 నుంచి 3200 చుట్లు. ట్రిగ్గరు మీద వేలు ఎంత నొక్కితే అంత స్పీడు, సున్నా నుంచి మెల్లగా పెరుగుతుంది. కాంపౌండును (పెయింటును రుద్దే పేస్టును) ప్యానెల్ మీద చిందకుండా పరచడానికి ఇది బాగా పనికొస్తుంది. మూడు కిలోల దాకా బరువు. బానెట్ మీద ఆ బరువు మేలే, చేతితో నొక్కే పని తగ్గుతుంది. డోరు కింది భాగం, బంపరు మూలలు చేసేటప్పుడు మాత్రం మధ్యాహ్నానికి మణికట్టు పీకుతుంది.

బాష్ జీపీఓ 12 సీఈ, 14 సీఈ రెండూ 750 నుంచి 3000. 12 సీఈ 1250 వాట్లు, 14 సీఈ 1400. కాగితం మీద 600కూ 750కీ పెద్ద తేడా లేదనిపిస్తుంది గానీ ఊలు ప్యాడుతో కాంపౌండు పరిచేటప్పుడు ఆ తేడా గోడ మీద పడిన తుంపర్లలో కనపడుతుంది. ఒకసారి పని మొదలయ్యాక మకిటాకూ బాష్‌కూ మధ్య తేడా వెతికినా దొరకదు. స్పీడు నిలకడగా ఉంచే సర్క్యూట్ రెండింట్లోనూ ఉంది. బాష్‌లోనే 950 వాట్ల జీపీఓ 950 ఇంకా తేలిక. నీలాంటి కొత్తవాడికి, ఇంటి బండ్లకు అది చాలు, తీసిపారేసేది కాదు. డీవాల్ట్ డీడబ్ల్యూపీ 849ఎక్స్ 600 నుంచి 3500 వెళ్తుంది, గట్టి సరుకు, బరువు కూడా మకిటా లాంటిదే. ఫ్లెక్స్ పీఈ 14-2 నిమిషానికి 380 నుంచే మొదలై 2100 దగ్గర ఆగిపోతుంది. దాన్ని తయారుచేసినవాడికి పాలిషింగ్ పని తెలుసని నాకు అందుకే అనిపిస్తుంది. ధర మాత్రం మనలాంటి ఊర్లలో గిట్టుబాటు కావడం కష్టం.

పేరులేని చౌక మెషిన్లన్నీ చెత్త అని నేననను. కొన్ని ఏళ్ల తరబడి నడుస్తున్నవి కూడా చూశా. చిక్కేమిటంటే, ఒకే పెట్టె, ఒకే బొమ్మ, లోపలి సరుకు ఒక్కొక్కసారి ఒక్కో రకం. డయల్ మీద 1 నుంచి 6 దాకా అంకెలు ఉంటాయి, 1 అంటే ఎన్ని చుట్లో యాడా రాసి ఉండదు. షెడ్డులో ఒకటి ఉండేది. నొక్కితే మూలుగుతూ ఆగినంత పని చేసేది, చేయి రవంత తేలికచేస్తే ఎగిరి గింజుకునేది. ఆ ఎగిరిన క్షణంలోనే అంచు పెయింటు పోతుంది.

కాబట్టి ఏది కొన్నా అంగట్లోనే చూసి కొను. ప్లగ్గు పీకేసి బ్యాకింగ్ ప్లేటు (ప్యాడు అంటించే ప్లేటు) బిగించి, మెషిన్‌ను వెల్లకిలా పెట్టు. ప్లేటు అంచుకు ఒక పెన్సిల్ మొన దగ్గరగా, తగలకుండా పట్టుకుని, ప్లేటును చేత్తో మెల్లగా తిప్పు. మొనకూ అంచుకూ మధ్య సందు చుట్టంతా ఒకేలా ఉండాలి. ఒక చోట తగిలి ఇంకో చోట సందు పెరిగితే ప్లేటు వంకరో, ఇరుసు వంకరో. ప్లేటు మార్చి మళ్లీ చూడు, తెలిసిపోతుంది. తర్వాత కరెంటు పెట్టి అన్నిటికన్నా తక్కువ స్పీడులో పెట్టి, ఫోమ్ ప్యాడును ఒక పాత రేకు ముక్క మీద తడిపి నొక్కు. మంచి మెషిన్ శబ్దం ఒక్క క్షణం దిగి మళ్లీ అదే స్థాయికి వస్తుంది. ఎత్తినప్పుడు అరవదు. ఈ పరీక్ష వద్దనే అంగడివాడి దగ్గర కొనకు.

మెషిన్ మీద మొత్తం డబ్బు పెట్టేయొద్దు. పెట్టెలో వచ్చే ప్లేటు గట్టిగా, బరువుగా ఉంటుంది. మెత్తటి అంచున్న 125 మిల్లీమీటర్ల ప్లేటు ఒకటి, దానికి 150 మిల్లీమీటర్ల ఫోమ్ ప్యాడ్లు కటింగ్‌కు (గీతలు తీయడానికి) రెండు మూడు, ఫినిషింగ్‌కు (చివరి మెరుపుకు) రెండు మూడు, ఒక ఊలు ప్యాడు కొను. మన దగ్గర అమ్మే పెద్ద పాలిషర్లకు చాలావాటికి ప్లేటు బిగించే చోట ఎం14 కొలత మర (థ్రెడ్) ఉంటుంది, అమెరికా సరుకులో వేరే కొలత రావచ్చు, చూసి తీసుకో. కాంపౌండ్ 3ఎం అయినా మెంజెర్నా అయినా, కటింగ్‌దీ ఫినిషింగ్‌దీ ఒకే కంపెనీవి తీసుకుంటే గందరగోళం ఉండదు. ఒక ప్యాడుకు ఒకే కాంపౌండ్.

ఇక మన ఎండ, మన దుమ్ము. యర్రగుంట్ల దిక్కు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, సున్నపురాయి పొడి, మంగంపేట నుంచి వచ్చే ముగ్గురాయి లారీల పొడి, ఇవి చూడటానికి భయంగా ఉంటాయి గానీ రాయిగా మెత్తటివే. అసలు గీతలు పెట్టేది వాటితో కలిసొచ్చే ఇసుక. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యంలో 7, సున్నపురాయి 3. బండిని పొడి గుడ్డతో తుడిచిన ప్రతిసారీ ఆ ఇసుకతో రుద్దినట్టే. నీ బండి మీద గుండ్రటి గీతలు అట్ల వచ్చినవే. మెషిన్ పట్టేముందు షాంపూతో కడిగి, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద) రుద్ది, చేయి వేస్తే నున్నగా జారేదాకా శుభ్రం చేయాలి. సిమెంటు పొడి మీద మంచు పడి గట్టిపడి ఉంటే గోరుతో గీకొద్దు.

బోరు నీళ్ల మచ్చలకు నేరుగా కాంపౌండ్ ఎక్కించకు. అవి కాల్షియం పేరుకున్న మచ్చలు. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, నీడలో చల్లటి ప్యానెల్ మీద తడి గుడ్డతో రెండు నిమిషాలు ఆనించి, మంచినీళ్లతో కడిగెయ్యి. చాలావరకు పోతాయి. పెయింటులోకి దిగి గుంట పడినవి మాత్రమే మెషిన్‌కు మిగులుతాయి. పని అయ్యాక మళ్లీ బోరు నీళ్లతోనే కడిగి ఎండలో ఆరనిస్తే వారానికే మళ్లీ మచ్చలొస్తాయి.

ఎండాకాలంలో మబ్బులోనే లేచి మొదలుపెట్టు, నీడలో చెయ్యి. నల్ల బానెట్ మీద అరచేయి ఆనించి ఉంచలేనంత వేడి ఉంటే ఆ రోజుకు ఆ ప్యానెల్ వదిలెయ్యి. కాంపౌండ్ పరిచిన వెంటనే ఎండి పొడిగా రాలుతుంది, ఆ పొడి మీద ప్యాడు తిప్పితే కొత్త గీతలు తయారవుతాయి. కరెంటుకు సన్నటి పొడుగు వైరు వాడకు. మధ్యాహ్నం మన దగ్గర వోల్టేజీ ఎట్ల పడుతుందో నీకు తెలుసు, దానికి సన్న వైరు తోడైతే మంచి మెషిన్ కూడా చౌక మెషిన్ లాగే మూలుగుతుంది.

పని చేసేటప్పుడు వైరు భుజం మీదుగా వీపు వెనక్కి వేసుకో. ఉంగరం, బెల్టు బకిల్ తీసెయ్యి. బాడీ మీద మడత గీతలు, డోరు అంచులు, బానెట్ చివర మాస్కింగ్ టేపు వేసెయ్యి, ఆ మడతల మీద పెయింటు అసలే పల్చగా ఉంటుంది. ప్యాడును ప్యానెల్ మీద ఆనించాకే స్విచ్ నొక్కు. 600 మీద పరచు, 1200 నుంచి 1500 మీద రుద్దు, చేతికి అలవాటు పడేదాకా అంతకు మించకు. రెండు అడుగుల చదరం కన్నా ఎక్కువ తీసుకోకు. మెషిన్ నిలపకుండా, ఒక వరస మీద సగం రెండో వరస పడేట్టు నడిపించు. అంచు దగ్గర ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకో: తిరిగే ప్యాడులో ఏ వైపు ప్యానెల్ మీద నుంచి బయటికి పోతుందో ఆ వైపే అంచుకు తగలాలి. బయటి నుంచి లోపలికి వచ్చే వైపు తగిలిందంటే అంచు చెక్కేసినట్టే. బంపరు ప్లాస్టిక్‌కు వేడిని పంచే గుణం లేదు, అక్కడ స్పీడూ ఒత్తిడీ రెండూ తగ్గించు. ప్యాడు మీద కారు రంగు కనపడితే వెంటనే ఆపు. పాత అంబాసిడర్, జీపు, ట్రాక్టరు లాంటి క్లియర్ కోటు లేని బండ్లకు అది మామూలే. నీ బండికి అట్ల కనపడిందంటే క్లియర్ కోటు అయిపోయిందని అర్థం.

నల్ల బండికి అసలు కష్టం చివర్లో ఉంది. ఊలు ప్యాడుతో రోటరీ నడిపాక నీడలో అద్దంలా ఉంటుంది. ఎండలోకి తీయగానే మెషిన్ నడిచిన దారంతా మెరుస్తూ చారలు కనపడతాయి, హోలోగ్రామ్ అంటారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి తుడిచి, ఫోన్ టార్చి పక్కగా పట్టి చూడు. కాంపౌండులోని నూనె పోయాక అసలు రూపం తెలుస్తుంది. కొంతమంది ఈ చారల మీద గ్లేజ్ (గీతల్ని కప్పి దాచే పూత) పూసి బండి అప్పజెప్పేస్తారు, రెండు కడుగుళ్లకు మొత్తం మళ్లీ లేస్తుంది. అంగడి పెడితే ఆ దారి పట్టకు. మెత్తటి ఫోమ్ ప్యాడు, సన్న కాంపౌండ్, 900 నుంచి 1000 స్పీడు, మెషిన్ బరువు తప్ప చేతి ఒత్తిడి లేకుండా నడిపితే చారలు పోతాయి.

ఇక్కడే డ్యూయల్ యాక్షన్ మాట వస్తుంది. దాని ప్యాడు తిరుగుతూనే పక్కకు ఊగుతుంది. రూపెస్ కంపెనీ డీఏ మెషిన్లను ఎల్‌హెచ్‌ఆర్ 15, 21 అన్నప్పుడు ఆ అంకెలు ఊగే కొలత, మిల్లీమీటర్లలో. గట్టిగా నొక్కితే మామూలు డీఏ ప్యాడు తిరగడం ఆగిపోతుంది, కాబట్టి కాల్చడం కష్టం, చారలూ రావు. నీ ఒక్క బండి కోసమే అయితే నేను కళ్లు మూసుకుని డీఏ కొనమనేవాణ్ణి. అంగడి ఆలోచన ఉందన్నావు కాబట్టి రోటరీతో మొదలుపెట్టమంటున్నా. రీపెయింట్ చేసిన ప్యానెళ్ల మీద శాండ్ పేపర్ గీతలు తీయడానికి రోటరీ అంత త్వరగా ఇంకేదీ చేయదు, మన ఊర్లలో వచ్చే పనిలో సగం అదే. డబ్బు చేతికొచ్చాక ఫినిషింగ్‌కు ఒక డీఏ తెచ్చుకో.

నీ బడ్జెట్‌కు నా మాట: చేతికి బలం ఉంటే మకిటా, తేలిగ్గా కావాలంటే బాష్ 950. జంక్ అంగట్లో ఒక పాత బానెట్ కొని, మొదట దాని మీద పని చెయ్యి. కావాలనే ఒక మూల కాల్చి చూడు. క్లియర్ కోటు పోయే ముందు ఎంత వేడెక్కుతుందో, వాసన ఎట్ల మారుతుందో చేతికీ ముక్కుకూ తెలుస్తుంది.

పాత మెషిన్ కొనొచ్చు, మకిటా, బాష్ అయితే నాకేం అభ్యంతరం లేదు. మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్షులు అనంతపురంలోనూ కడపలోనూ మోటారు రిపేరు అంగళ్లలో దొరుకుతాయి. నడుస్తున్నప్పుడు గాలి రంధ్రాల్లోంచి లోపలికి చూడు. చిన్న నిప్పురవ్వలు మామూలే, చుట్టూ వలయంలా మంట కనపడితే వదిలెయ్యి. ఇరుసు పట్టుకుని అటూ ఇటూ ఊపితే టకటకమంటే బేరింగు పోయింది, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమను. షెడ్డు సరుకైతే లోపల శాండింగ్ దుమ్ము నిండి ఉంటుంది, ఇంటికి తెచ్చిన రోజే కంప్రెసరు గాలి పట్టించి వాడుకో.