నెత్తురు దారి పట్టుకో

ఒంగోలు

చిరంజీవి శ్రావణికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. 'కోసినా పెరిగే అద్భుత అవయవం' అన్న శీర్షిక చూసి కొంచెం నీరసపడ్డాను కానీ, లోపలికి వెళ్లాక తేరుకున్నాను. చదివించే గుణం నీ చేతిలో ఉంది. చిక్కల్లా ఒకటే. వ్యాసం పొడుగునా కాలేయాన్ని పొగిడి, దానికి నెత్తురు ఎక్కడి నుంచి వస్తుందో ఒక్క వాక్యంలో తేల్చేశావు. అసలు కథ ఆ వాక్యంలో ఉంది.

ముందు ఆ గ్రీకు పురాణం తీసేయి. గద్ద పొడిచిన కార్జం రాత్రికి రాత్రి పెరిగిన కథ అందరూ రాసేశారు. ఉదయగిరి వైపు గొర్రెలున్న ఇంట్లో పుట్టిన నీకు అదెందుకు? చెరువు కింద తడినేలలో మేసిన గొర్రెకు కార్జపు జలగలు పట్టడం, దవడ కింద నీరు దిగడం నీకు తెలిసిందే. ముదిరిన గొర్రెను కోస్తే కార్జం ఎడమ భాగం గట్టిపడి ముడుచుకుపోయి, కుడి భాగం లావెక్కి కనబడటమూ ఉంది. ఒకే అవయవంలో ఒక పక్క చిక్కిపోవడం, మరో పక్క పెరగడం! అక్కడ మొదలుపెట్టు. పాఠకుడు తనంతట తానే 'ఎందుకలా?' అని అడుగుతాడు.

అప్పుడు రెండు రక్తమార్గాల సంగతి చెప్పు. కాలేయానికి చేరే రక్తంలో దాదాపు ముప్పాతిక భాగం పోర్టల్ సిర తెస్తుంది, మిగిలింది కాలేయ ధమని. సిర తెచ్చేది పేగుల నుంచి, క్లోమం నుంచి, ప్లీహం నుంచి వచ్చే రక్తం. అందులో ఆక్సిజన్ తక్కువే అయినా పరిమాణం ఎక్కువ కాబట్టి, కాలేయానికి అందే ఆక్సిజన్‌లో సుమారు సగం దాని వాటాయే. ఒకే మడికి రెండు కాలువలు అని నువ్వు రాసిన పోలిక బాగుంది, ఉంచు. అయితే ఈ కాలువల్లో పారే నీళ్లు ఒకటి కావు. పోలిక అక్కడ తెగిపోతుందని ఆ పక్కనే చెప్పాలి.

ఈ తేడాను కళ్లకు కట్టించే ప్రయోగాన్ని నువ్వు సగం వాక్యంలో దాటేశావు. 1920లో పరిశోధకులు పేటన్ రౌస్, లారిమోర్ కుందేళ్లలో కాలేయంలోని ఎక్కువ భాగానికి వెళ్లే పోర్టల్ సిర శాఖను ముడివేశారు. ధమనిని ముట్టుకోలేదు. ముడివేసిన వైపు చచ్చిపోలేదు. ధమని రక్తం అందుతూనే ఉంది మరి. కానీ అది క్రమంగా కుంచించుకుపోయింది, సిర రక్తమంతా అందుకున్న రెండో వైపు పెరిగింది. దీనికి ఒక పూర్తి పేరా ఇవ్వు. దారం ఎక్కడ పడిందో, ఏ వైపు పలచబడిందో పాఠకుడికి కనబడాలి. గొర్రెలో జలగ చేసిన పనీ ఈ ముడి చేసిన పనీ ఒకటేనని మాత్రం తొందరపడి రాయకు. జలగ ముందు కణజాలాన్ని చీల్చి, పైత్యనాళాలను పాడుచేస్తుంది. పోలిక చూపించు, కారణం అంటగట్టకు.

కథకు పూర్వరంగం కూడా ఉంది. 1877లో నికొలాయ్ ఎక్ కుక్కల్లో పోర్టల్ సిరను కాలేయం దాకా పోనీయకుండా నేరుగా పెద్ద సిరకు కలిపాడు. ఎనిమిదింటిలో ఒక్కటే బతికింది, అదీ ప్రయోగశాల నుంచి పారిపోయింది! తరువాత 1893లో పావ్‌లోవ్ బృందం ఇదే శస్త్రచికిత్స చేసిన కుక్కలకు మాంసం పెడితే అవి తూలిపోయి, మూర్ఛలు వచ్చి పడిపోయాయి. పేగుల నుంచి వచ్చిన అమోనియాను విరిచేది కాలేయమే, ఆ రక్తం కాలేయం దాకా చేరకపోతే జరిగేది అదే.

మరి పోర్టల్ రక్తంలో ఉన్నదేమిటి? కాలేయ మార్పిడి శస్త్రవైద్యుడు స్టార్జల్ బృందం కుక్క కాలేయంలో ఒక సగానికి క్లోమం వైపు నుంచి వచ్చే రక్తాన్ని, రెండో సగానికి మిగతా రక్తాన్ని మళ్లించి చూసింది. క్లోమపు రక్తం అందిన సగం నిండుగా ఉంది, రెండోది వాడిపోయింది. క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ ప్రాముఖ్యం అలా బయటపడింది.

1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ ఎలుకల్లో కాలేయాన్ని మూడింట రెండు వంతులు కోసేసినప్పటి లెక్క నువ్వు సరిగ్గానే రాశావు. వారం, పది రోజుల్లో బరువు తిరిగి వస్తుంది. కానీ 'కోసిన భాగం మళ్లీ మొలుస్తుంది' అన్నది తప్పు. పోయిన లంబికలు (కాలేయపు తమ్మెలు) రావు, మిగిలినవే పెరుగుతాయి. ముందు చీలేవి కాలేయ కణాలు, వాటి మధ్యకు రక్తనాళాలు అల్లుకోవడం ఆ తరువాత. కోత పూర్తవగానే మొత్తం పోర్టల్ రక్తం మిగిలిన మూడో వంతులోనే పారాలి కదా, ఆ ఉరవడే పెరుగుదలకు ఒక ప్రేరణ. మితిమీరితే అదే ఉరవడి మిగిలిన ముక్కను దెబ్బతీస్తుంది. ఎక్కువ రక్తం అంటే ఎక్కువ మేలు అనుకునే పాఠకుడికి ఇది తప్పక చెప్పాలి.

ఎలుకల లెక్కను మనుషులకు తగిలించకు. గట్టిపడిన కాలేయం ఇంత చురుగ్గా పెరగదని స్పష్టంగా రాయి. ఇంట్లో కామెర్ల రోగి ఉన్నవాళ్లు పసరు మందు పక్కన పెట్టుకుని నీ వ్యాసం చదువుతారు. చివరలో మద్యపానం మీద ఇచ్చిన ఉపన్యాసం కొట్టేయి, ఆ జాగా రౌస్ కుందేళ్లకు ఇవ్వు. తిరగరాసింది పండగ లోపు పంపితే, సంపాదకుడికి నేనే స్వయంగా ఇస్తాను.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు