నూట మూడును 1003 అని రాసే పిల్లలు: బడి చదువుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పాప ప్రభుత్వ బడిలో రెండో తరగతి చదువుతోంది. రోజూ ఇంటికి రాగానే చింతగింజలతో ఆడుకున్నామనీ, పుల్లలు కట్టలు కట్టామనీ చెబుతుంది. నోటు పుస్తకం తీసి చూస్తే వారానికి రెండు పేజీలు కూడా నిండడం లేదు. పక్కింట్లో అదే వయసు బాబు ప్రైవేటు బడికి వెళుతూ పన్నెండో ఎక్కం దాకా గడగడా అప్పజెబుతున్నాడు. మా పాప వెనకబడిపోతుందేమోనని భయంగా ఉంది మాస్టారూ.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. గింజలు, పుల్లలు పిల్లల చేతికిచ్చినంత మాత్రాన చదువు వచ్చేయదు. వాటితో ఏం చేయించారు, చేశాక ఏం మాట్లాడించారు, చివరకు ఏం రాయించారు అన్నదాన్ని బట్టే అది పాఠమో కాలక్షేపమో తేలుతుంది. కాబట్టి నోటు పుస్తకం చూసి నిర్ణయానికి రాకుండా, ముందుగా ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. రెండు మూడు గుప్పెళ్ల శనగలు పాప ముందు పోసి, వాటిలోంచి ముప్పై నాలుగు తీసి పెట్టమనండి. ఒకటి, రెండు అంటూ చివరిదాకా ఒక్కొక్కటే ఏరిపెడితే ఆమెకు లెక్కపెట్టడం వచ్చినట్టు. పదేసి చొప్పున మూడు కుప్పలు పోసి, నాలుగు విడిగా పెడితే ఆమెకు సంఖ్య అర్థమైనట్టు. ఆ తర్వాత కాగితం మీద 34 రాయమని, అందులోని 3 ఎన్ని గింజలను చెబుతోందో చూపించమనండి. మూడు కుప్పలనూ చేత్తో దగ్గరికి లాగి చూపించిందా, ఇక మీరు నిశ్చింతగా ఉండవచ్చు. మూడే మూడు గింజలు చూపిస్తే మాత్రం బడిలో పుల్లల పని ఎక్కడో సగంలో ఆగిపోతోందన్నమాట.

ఎక్కాల సంగతి కూడా చెప్పాలి. కంఠతా పట్టడం తప్పని నేను అనను. ఎక్కాలు నోటికి రాని పిల్లలు నాలుగో తరగతిలో భాగహారం దగ్గర ఎంత అవస్థపడతారో చాలా ఏళ్లు దగ్గరనుంచి చూశాను. అయితే నోటికి రావడానికి ముందు కంటికి కనబడాలి. చింతగింజలను వరసకు ఆరు చొప్పున నాలుగు వరసలు పేర్పించి, పాపను లేచి పక్కవైపుకు వచ్చి కూర్చుని చూడమనండి. ఇటునుంచి నాలుగు ఆర్లుగా ఉన్నవే అటునుంచి ఆరు నాలుగులుగా కనబడతాయి. గింజ ఒక్కటీ కదలలేదు, ఇరవై నాలుగు ఇరవై నాలుగుగానే ఉంది. ఇది ఒకసారి కనిపెట్టిన పిల్లకు కంఠతా పట్టాల్సిన ఎక్కాల భారం దాదాపు సగం తగ్గిపోతుంది.

పిల్లలు చేతలతో, అన్వేషణతో, సొంతంగా కనుగొంటూ నేర్చుకోవాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది కనుక టీచరుగారు చేస్తున్నది సొంత సరదా కోసం కాదు. కానీ రెండో తరగతిలో చేసిన పని ఆ వారంలోనే రాతలోకి కూడా రావాలి. టీచరుగారిని కలిసినప్పుడు ‘ఎందుకు ఆడిస్తున్నారు’ అని కాకుండా, ‘పుల్లలతో చేసినదాన్ని ఎప్పుడు రాయిస్తారండీ’ అని అడగండి. ఆ ప్రశ్న ఇద్దరికీ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: నేను మూడో తరగతికి లెక్కలు చెబుతాను. పిల్లలు 99 వరకు బాగానే రాస్తున్నారు. వంద దాటగానే నూట మూడును 1003 అనీ, నూట ఇరవై అయిదును 10025 అనీ రాస్తున్నారు. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే తప్పు. పుల్లల కట్టలు కూడా చూపించాను. ఎక్కడ లోపం జరుగుతోంది?
– ఒక ఉపాధ్యాయిని, నంద్యాల జిల్లా

జవాబు: అమ్మా, మీ పిల్లలు అజాగ్రత్తతో ఈ తప్పు చేయడం లేదు. చెవికి ఏం వినబడిందో దాన్నే నమ్మకంగా రాస్తున్నారు. ‘నూట మూడు’ అన్నప్పుడు వాళ్లకు నూరు, మూడు అని రెండు మాటలు వినబడ్డాయి. నూరుకు 100 రాశారు, దాని పక్కన 3 పెట్టారు. మాటలో చోట్లు ఉండవు, రాతలో ఉంటాయి. నూటికీ మూడుకూ మధ్య పదుల చోటు ఒకటి ఖాళీగా ఉందన్న సంగతి మన మాట ఎక్కడా చెప్పదు, ఆ సంగతి చెప్పే పని రాతలోని సున్నాది. కాబట్టి ఎర్ర సిరాతో దిద్దినకొద్దీ వాళ్లకు తప్పని తెలుస్తుందే తప్ప, ఎందుకు తప్పో తెలియదు.

మీరు కట్టలు ‘చూపించాను’ అని రాశారు. లోపం అక్కడే ఉందేమోనని నా అనుమానం. కట్టలు పిల్లలే కట్టాలి. ఒక పీరియడు పూర్తిగా దీనికే కేటాయించండి. చీపురు పుల్లలను జానెడు ముక్కలుగా విరిచి తరగతి మధ్యలో పోసి, పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు, పది కట్టలకు ఒక పెద్ద రబ్బరు బ్యాండు అని మాత్రమే చెప్పి వదిలేయండి. వంద పుల్లల పెద్ద కట్ట చిన్న చేతుల్లో ఇమడదు, రెండు చేతులతో పట్టుకోవాలి. ఆ బరువు, ఆ లావు వాళ్లకు గుర్తుండిపోతాయి. ఒకసారి నా తరగతిలో ఒక పిల్లవాడు పక్కవాడు కట్టిన పదుల కట్టను తీసుకున్న ప్రతిసారీ విప్పి, పదీ లెక్కపెట్టి, మళ్లీ కట్టేవాడు. ఆలస్యమవుతోందని నేను ఆపబోయి ఆగాను. నాలుగో రోజుకు విప్పడం తనంతట తానే మానేశాడు. పది పుల్లలు ‘ఒక పది’గా మారడం వాడి మనసులో ఆ నాలుగు రోజుల్లోనే జరిగింది, నా ఉపన్యాసం వల్ల జరగలేదు.

తర్వాత నేల మీద సుద్దముక్కతో మూడు గళ్లు గీసి, ఎడమనుంచి వందలు, పదులు, ఒకట్లు అని రాయించండి. ‘నూట మూడు పెట్టు’ అనండి. పెద్ద కట్ట వందల గడిలోకి, మూడు పుల్లలు ఒకట్ల గడిలోకి వెళతాయి, నడిమి గడి బోసిగా మిగులుతుంది. అప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఈ గడిలో ఎన్ని కట్టలున్నాయి?’ పిల్లలు ‘ఏమీ లేవు’ అంటారు. ఏమీ లేదని రాతలో ఎలా చెబుతామో వాళ్లనే చెప్పనివ్వండి. సున్నా ఎందుకు రాయాలో అక్కడ తెలుస్తుంది.

ఇక 1003 అనే రాతను నేరుగా సరిచేయడానికి పుల్లలకంటే బాగా పనికొచ్చేవి స్థానవిలువ కార్డులు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరీ పద్ధతిలో ఇవి చాలా పాతవి. పాత పెళ్లి శుభలేఖల అట్టలతో మీరే చేసుకోవచ్చు. ఒకట్ల కార్డు 3 సెంటీమీటర్ల వెడల్పు, పదుల కార్డు 6, వందల కార్డు 9 సెంటీమీటర్లు ఉండాలి, అంకెకు సరిగ్గా 3 సెంటీమీటర్ల చొప్పున. పిల్లవాడు 100 కార్డు తీసుకుని, దాని మీద కుడి అంచులు కలిసేలా 3 కార్డు పెడితే చివరి సున్నా మూసుకుపోయి 103 కనబడుతుంది. 20, 5 కార్డులు కూడా అలాగే ఒకదాని మీద ఒకటి పెడితే 125 అవుతుంది. ‘నువ్వు రాసిన వంద ఎక్కడికీ పోలేదు, మూడు కింద దాక్కుంది’ అని కార్డు ఎత్తి చూపించండి. 1003 రాసిన పిల్లవాడి ఆలోచనలో సగం నిజముందని ఆ కార్డు వాడికి గౌరవంగానే చెబుతుంది. మిగిలిన సగాన్ని వాడే సరిచేసుకుంటాడు.

ఇదే సామగ్రితో తీసివేత కూడా చెప్పండి. 103 నుంచి 7 తీయాలంటే ముందు పెద్ద కట్ట విప్పి పది చిన్న కట్టలు చేయాలి, వాటిలో ఒకదాన్ని మళ్లీ విప్పి పది పుల్లలు చేయాలి. మనం అలవాటుగా వాడే ‘అప్పు తెచ్చుకోవడం’ అనే మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. అప్పు తెస్తే తిరిగి తీర్చాలి, ఇక్కడ ఎవరికీ ఏమీ తీర్చడం లేదు. ‘కట్ట విప్పడం’ అనండి, జరుగుతున్నది అదే.

అన్నిటికంటే ముఖ్యంగా, పుల్లలను ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా మీరు నిర్ణయించుకోవాలి. పిల్లలు ముందు చేత్తో చేసి, తర్వాత బొమ్మగా, ఆ తర్వాత గుర్తులుగా గ్రహిస్తారని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో వివరించారు. మన తరగతుల్లో ఎక్కువగా జారిపోయేది ఆ నడిమి మెట్టే. పుల్లలనుంచి ఒక్కసారిగా అంకెల్లోకి దూకించకుండా, కొన్నాళ్లపాటు వందకు ఒక పెద్ద చదరం, పదికి ఒక నిలువు గీత, ఒకటికి ఒక చుక్క గీయించండి. బొమ్మ గీసి, పక్కన సంఖ్య రాసి, నోటితో చదివించండి. పుల్లల వైపు చూడకుండా 206 గీయగలిగిన పిల్లవాడికి ఇక పుల్లలు ఇవ్వనక్కరలేదు. అడిగిన పిల్లలకు మాత్రం మూడో తరగతి చివరిదాకా అందుబాటులో ఉంచండి, అడిగినందుకు చిన్నబుచ్చవద్దు.

ప్రశ్న: మాది ఏకోపాధ్యాయ పాఠశాల. అయిదు తరగతులు కలిపి ఇరవై ఎనిమిది మంది పిల్లలు. శిక్షణల్లో కృత్యాలు, అంటే పిల్లలు చేత్తో చేస్తూ నేర్చుకునే పనులు, చేయించమంటారు. ఒక తరగతికి కృత్యం చేయిస్తుంటే మిగతా నాలుగు తరగతుల పిల్లలు అల్లరి చేస్తారు. నా వంటివాడికి ఇది సాధ్యమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: మీ పరిస్థితిలో కృత్యాలు లేకుండా నడపడమే ఎక్కువ కష్టమని నా అభిప్రాయం. ఒక్క గొంతుతో అయిదు పాఠాలు చెప్పలేరు, కాబట్టి మీరు లేకుండానే జరిగే పని పిల్లలకు కావాలి. ఈ చిక్కుకు ఒక మంచి దారి మన మదనపల్లె దగ్గరే దొరికింది. రిషీ వ్యాలీ పాఠశాల చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడుల కోసం అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని ‘నేర్చుకునే నిచ్చెన’గా వరస పెట్టింది. ప్రతి పిల్లా తాను ఏ మెట్టు మీద ఉందో గోడమీది నిచ్చెనలో చూసుకుని, ఆ కార్డు తానే తెచ్చుకుంటుంది. కొన్ని కార్డులకు టీచరు కావాలి, కొన్నిటికి తోటి పిల్లలు చాలు, కొన్ని ఒంటరిగా చేసేవి. అందువల్ల ఏ సమయంలోనైనా టీచరు ముందు ఉండేది ఒక చిన్న గుంపు మాత్రమే. ఆ పద్ధతి స్ఫూర్తితోనే 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడుల్లో కృత్యాధార బోధన మొదలై, తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులన్నిటికీ విస్తరించింది.

మీరు అంతా ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఒక్క సబ్జెక్టు, రోజుకు నలభై నిమిషాలు చాలు. నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు కొలిచే పని ఇచ్చి బయటికి పంపండి: వరండా పొడవు ఎన్ని అడుగులు, ఎన్ని మూరలు అని ఒక్కొక్కరూ కొలిచి పట్టిక రాయాలి. అందరికీ ఒకే సంఖ్య ఎందుకు రాలేదో లోపలికి వచ్చి చెప్పాలి. మూర పొడవు మనిషికో తీరుగా ఉంటుందని తెలిశాక మీటరు స్కేలు ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు. మూడో తరగతి కార్డులతో ఉంటుంది. ఆ సమయంలో ఒకటి, రెండు తరగతులు మీవి. గోల కొంత ఉంటుంది. గోలలో పని మాటలు ఎన్ని, ఊరి మాటలు ఎన్ని అని చెవి పెట్టి వినండి. పని మాటలే ఎక్కువైతే ఆ గోలను ఉండనివ్వండి.

ప్రశ్న: టీఎల్‌ఎం (బోధనాభ్యసన సామగ్రి) మేళా కోసం థర్మోకోల్, రంగు కాగితాలకు మా జేబునుంచే ఖర్చు పెడుతున్నాం. తక్కువ ఖర్చుతో చేయగలిగేవి ఏవైనా చెబుతారా?
– ఒక ఉపాధ్యాయ బృందం, వనపర్తి జిల్లా

జవాబు: మేళా ముగిశాక బీరువా మీదికి ఎక్కి దుమ్ము పట్టే నమూనాకు ఖర్చు పెట్టవద్దని నా సలహా. పిల్లలు తాకి, విరగ్గొట్టి, మళ్లీ చేసుకోగలిగినదే బోధనాభ్యసన సామగ్రి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బడుల్లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం పల్లెలో దొరికే వస్తువులతోనే నడిచింది. దానితో పనిచేసిన అరవింద్ గుప్తా సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి ఆకారాలు చేసే ఆటను దేశమంతా పరిచయం చేశారు. మందు గీకేసిన అగ్గిపుల్లలు మూడింటిని కలిపితే త్రిభుజం, నాలుగింటిని కలిపితే చతురస్రం వస్తుంది. రెంటినీ పక్కనుంచి వేలితో నొక్కమనండి. చతురస్రం ఒరిగిపోతుంది, త్రిభుజం కదలదు. చతురస్రానికి మూలనుంచి మూలకు కొంచెం పొడవైన పుల్ల ఒకటి కలిపితే అదీ నిలబడుతుంది. ఇంటి దూలాల్లో, కరెంటు టవర్లలో త్రిభుజాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుక్కుంటూ పిల్లలు ఇంటికి వెళతారు. దీనికయ్యే ఖర్చు ఒక అగ్గిపెట్టె, గజం వాల్వు ట్యూబు.

ప్రశ్న: ఒకటో తరగతిలో లెక్కింపుకు గురివింద గింజలు వాడుతున్నాం, పిల్లలకు ఆ ఎరుపు చాలా ఇష్టం. ఇబ్బంది ఏమైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయిని, పార్వతీపురం

జవాబు: వెంటనే తీసేయండమ్మా. గురివింద గింజ చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటుందో, నమిలితే అంత విషం. ఆముదపు గింజలు, పచ్చ గన్నేరు కాయలు, ఉమ్మెత్త గింజలు కూడా తరగతిలోకి రానివ్వకూడదు. కడిగి ఎండబెట్టిన చింతగింజలు, సీసా మూతలు వాడుకోండి. సీతాఫలం గింజల పొడి కళ్లలో పడితే ప్రమాదం కనుక వాటినీ వదిలేయడమే మేలు. పెసలు, శనగలవంటి చిన్నవి ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు, అంగన్‌వాడీ వయసు పిల్లలకు అసలు ఇవ్వవద్దు. పీరియడు మొదట్లో ఎన్ని ఇచ్చారో చివర్లో అన్నీ తిరిగి వచ్చాయో పిల్లలచేతే లెక్కపెట్టించండి. గురివిందను ఎవరైనా నమిలారని అనుమానం కలిగితే, పిల్లవాడు హుషారుగా కనబడుతున్నా సరే, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా బయటపడవచ్చు. డాక్టరుగారికి చూపించడానికి అలాంటి గింజ ఒకటి కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లండి.