రెండు గంటలకి వెనక్కి తిరుగు

తెనాలి,
అక్టోబరు 11

చిరంజీవి సింధుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ నెలాఖరు ఆదివారం నువ్వూ నీ రూమ్మేట్లూ కలిసి ఈడేల్ వెళ్ళి కిండర్ స్కౌట్ ఎక్కుతున్నారట. "ఏదో పల్లెటూరంట అక్కా, కొండలంట, నువ్వు చూసిందేగా, ఫర్వాలేదా?" అని అడిగింది. ఫర్వాలేదులే అని దానికి చెప్పి పెట్టేశాను గానీ నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషంతోనే. షెఫీల్డ్ వెళ్ళి ఆరు వారాలు కాలేదు, మన పిల్ల అప్పుడే ఆ దారి పట్టిందే అని. ఆ మిగతా సగం సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. పక్కింటివాళ్ళబ్బాయి గురువారం మాంచెస్టర్ విమానం ఎక్కుతున్నాడు, అతని చేతికిచ్చి పంపుతున్నాను. రెండుసార్లు చదువు.

రైలు సంగతి నీకు తెలిసే ఉంటుంది. షెఫీల్డ్‌లో మాంచెస్టర్ వైపు ఆగుతూ ఆగుతూ వెళ్ళే బండి ఎక్కితే అరగంట పైన పడుతుంది. ఆదివారం బండ్లు పలచగా ఉంటాయి, తిరుగు బండ్ల వేళలు కాగితం మీద రాసుకో, అక్కడ ఫోను సిగ్నల్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. దారిలో టోట్లీ సొరంగం వస్తుంది, ఐదున్నర కిలోమీటర్ల పైనే చీకటి. అది దాటి బయటపడ్డాక ఊరు వాసనే మారిపోతుంది.

జీన్స్ వేసుకోవద్దు. నూలు బనీను కూడా వద్దు. ఎందుకో చెప్తాను.

నేనూ మీ పెదనాన్నా 1981లో ఇంగ్లండ్ వెళ్ళాం. ఆయన ఎముకల వార్డులో, నేను మత్తు డాక్టరుగా శిక్షణలో. ఒకరికి పగలు డ్యూటీ అయితే ఒకరికి రాత్రి. 1983 అక్టోబరులో ఒక్క ఆదివారం ఇద్దరికీ కలిసొచ్చింది. అంతకుముందు రాత్రే అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. మీ పెదనాన్న కుర్చీ ఎక్కి గోడ గడియారం ముల్లు తిప్పి, "ఒక గంట ఊరికే దొరికింది" అని ఎంత సంబరపడ్డారో. ఆ దొరికిన గంట మంచం మీదే గడిపేశాం. లేచి పులిహోర కలిపి, డబ్బాలో పెట్టుకుని, కారులో ఈడేల్ చేరి నడక మొదలుపెట్టేసరికి పన్నెండున్నర. నిన్న ఆరింటికి కూడా వెలుతురు ఉందిగా, ఐదింటికల్లా దిగొచ్చేస్తాం అనుకున్నాం. ఇవాళ్టి ఐదే నిన్నటి ఆరు అన్న చిన్న లెక్క ఇద్దరు డాక్టర్లకీ తట్టలేదు.

మన తెనాలిలో చలికాలమైనా ఎండాకాలమైనా సూర్యుడు ఐదున్నరకీ ఏడుకీ మధ్యే దిగుతాడు. ఎంత పుట్టినూరు వదిలినా ఆ లెక్క ఒంట్లోంచి పోదమ్మా. అక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా ఎండ చూస్తావు, అక్టోబరు చివరి ఆదివారం ఐదు కాకముందే పొద్దు గూకుతుంది. నువ్వు ఎంచుకున్నది సరిగ్గా ఆ ఆదివారమే! మీ అమ్మ తేదీ చెప్పగానే నా గుండె ఝల్లుమంది అందుకే. నీ ఫోను గంట వెనక్కి దానంతటదే మారుతుంది. నీ ఒళ్ళు మారదు.

గ్రైండ్స్‌బ్రుక్ అని ఒక వాగు ఊరి వెనకనుంచి పైకి పోతుంది. మేం దాని వెంట ఎక్కాం. కింద చెట్లు, రాతి వంతెన, ఎంత బాగుంటుందో. పైకి పోయేకొద్దీ లోయ ఇరుకై, ఆఖర్న బండరాళ్ళ మీద చేతులు వేసి ఎక్కాలి. అక్కడ ఒక తెల్లజుట్టు పెద్దాయన దిగుతూ ఎదురయ్యాడు. మీ పెదనాన్న కాళ్ళకున్న ఆఫీసు బూట్లూ, నా చెప్పులాంటి బూట్లూ చూసి, ఇవాళ తొందరగా చీకటి పడుతుంది, పైన పొగమంచు కమ్ముతోంది, తిరిగి వెళ్ళండి అన్నాడు. థాంక్స్ చెప్పి తప్పుకుని పైకే పోయాం. ఆయన వినపడనంత దూరం వెళ్ళాక మీ పెదనాన్న, "మన రంగు చూసి చెప్తున్నాడు" అన్నారు. నేను అవునన్నాను. ఆ రెండేళ్ళలో అలాంటి మాటలు కొన్ని నిజంగానే పడ్డాం, కాదనను. కానీ ఆ పెద్దాయన చూసింది మా బూట్లే.

పైకి చేరేసరికి రెండున్నర. కిండర్ కొండకి మొన ఉండదు సింధూ. పైనంతా బల్లపరుపు, నాచు కుళ్ళి పేరుకున్న నల్లటి పీటు నేల. నీళ్ళు ఆ పీటుని కోసి కోసి మనిషి లోతు కందకాలు చేస్తాయి, గ్రఫ్‌లంటారు. దిగితే చుట్టూ నల్లటి గోడలు తప్ప ఏమీ కనపడదు. ఎక్కితే ఇంకో కందకం. అప్పట్లో పెన్నైన్ వే అనే పొడుగాటి నడక దారి ఆ పీఠభూమి నడిమధ్యనుంచే వెళ్ళేది, తర్వాత జేకబ్స్ ల్యాడర్ అనే మెట్ల దారి వైపు మార్చారు. కిండర్ డౌన్‌ఫాల్ అనే జలపాతం చూసి వెళ్దామని బూట్ల గుర్తులు పట్టుకుని నడిచాం. పావుగంటలో పొగమంచు దిగింది. అప్పుడు చూస్తే బూట్ల గుర్తులు అన్ని వైపులా ఉన్నాయి.

నాలుగున్నర దాకా తిరిగామేమో. మీ పెదనాన్న ఒకచోట మోకాలు దాకా దిగబడ్డారు, లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. చేతులు పెట్టి వెతికి తీశాం. జీన్స్ తడిసి ఒంటికి అతుక్కుపోయింది. గాలి. ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నా కోటు ఇవ్వబోయాను, వద్దన్నారు. చీకటి పడ్డాక ఒక బండ పక్కన కూర్చోబెట్టాను. కాసేపటికి ఒణుకు ఆగిపోయింది. "తగ్గిందే, ఇప్పుడు నయంగా ఉంది" అన్నారు.

నేను నమ్మాను. రోజూ ఆపరేషన్ థియేటర్లో మనుషుల ఒంటి వేడి లెక్కపెట్టే దాన్ని, నమ్మాను. చలికి ఒణకడమంటే ఒళ్ళు పోరాడటం. మనిషి వేడెక్కకుండానే ఒణుకు ఆగిందంటే ఒళ్ళు చేతులెత్తేస్తోందని అర్థం. అది పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. ఇంకాసేపయ్యాక ఆయన మాట ముద్దగా, "పద, మా నాన్న కాలవ గట్టు మీద లాంతరు పట్టుకుని నిలబడ్డాడు, పాపం ఎంతసేపు నిలబడతాడు" అన్నారు. మా మామగారు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. అప్పుడు తెలిసింది నాకు. ఆయన్ని వాటేసుకుని, పేరు పెట్టి పిలుస్తూ, అరుస్తూ కూర్చున్నాను. ఆయన్ని నేను పేరు పెట్టి పిలిచింది ఆ ఒక్క రాత్రే.

ఏడు దాటాక కుక్క అరుపు వినపడింది. తర్వాత టార్చి వెలుతురు. గొర్రెల రైతు ఒకాయన, ఆయన కొడుకూ. తడి కోటు విప్పించి, తన ఒంటి మీది ఉన్ని స్వెట్టరు తీసి మీ పెదనాన్నకి తొడిగి, చక్కెర బాగా వేసిన టీ గుక్క గుక్కగా తాగించాడు. చేతులు రుద్దబోతే రుద్దొద్దన్నాడు. మేం పోయింది వాగు వెంటే అని ఎలా తెలిసిందంటే, ఎదురైన ఆ తెల్లజుట్టాయన చీకటి పడ్డాక కార్ పార్కులో మా కారొక్కటే మిగలడం చూసి, రైతు ఇంటికి వెళ్ళి, పట్నం బూట్లతో ఇద్దరు పైకి వెళ్ళారు, దిగలేదు అని చెప్పాడట. చెప్పి తన బండికి వెళ్ళిపోయాడు. పేరు తెలియదు. తర్వాత 28 ఏళ్ళు ఆ దారిలో తెల్లజుట్టు మనిషి కనపడినప్పుడల్లా మొహంలోకి చూసేదాన్ని.

అందుకని ఈ మూడూ నా మీద ఒట్టేసినట్టు చెయ్యి. ఒకటి, బయల్దేరేటప్పుడే ఎడమ అరచేతి మీద పెన్నుతో "2" అని రాసుకో. రెండయ్యేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, పది అడుగుల్లో శిఖరం ఉన్నా సరే. మీ పెదనాన్నా నేనూ ఆ తర్వాత ప్రతి నడకకీ రాసుకునేవాళ్ళం. ఆయన సర్జరీకి చేతులు కడుక్కునేటప్పుడు సోమవారం కూడా ఆ అంకె లీలగా కనపడేది. రెండు, ఏ దారిన వెళ్తున్నావో, ఎన్నింటికి దిగుతావో హాస్టల్లో ఒక మనిషికి చెప్పు. మూడు, ఎవరైనా తిరిగి వెళ్ళమంటే తిరుగు. వాళ్ళు ఎందుకన్నారో ఇంటికొచ్చాక ఆలోచించుకోవచ్చు.

ప్రమాదమే వస్తే 999కి చేసి పోలీసుల్ని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వాళ్ళు జీతం లేకుండా వచ్చే మనుషులు, డబ్బు అడగరు. ఫోన్ పనిచెయ్యకపోతే ఈల, నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరు. ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపు, ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 1, కాగితందే కొను.

అసలు నా మాట వింటే ఈసారికి కిండర్ మానెయ్యి. అది 636 మీటర్లే కదా, మన తిరుమల కొండ కంటే తక్కువే కదా అంటావు. తిరుమల మెట్లకి దీపాలున్నాయి, పక్కన మనుషులున్నారు. నువ్వు ఈడేల్‌లో దిగి ఎదురు వైపు, దక్షిణానికి నడువు. పొలాల్లోంచి హాలిన్స్ క్రాస్ దాకా ఎక్కు. ఊళ్ళో చర్చి లేని కాలంలో ఈడేల్ వాళ్ళు చచ్చిపోయినవాళ్ళని ఆ దారినే మోసుకుని అవతలి కాసిల్టన్‌కి తీసుకెళ్ళేవాళ్ళు. అక్కణ్ణించి కుడికి తిరిగి గట్టు మీదే పోతే మామ్ టోర్, 517 మీటర్లు. దారికి రాళ్ళు పరిచి ఉంటాయి, దారి తప్పవు. ఒక పక్క ఈడేల్ లోయ, బొమ్మ రైలులాగా నీ రైలు. ఇంకో పక్క కొండ జారిపోతూ జారిపోతూ మింగేసిన పాత రోడ్డు, 1979లో మూసేశారు, తారు ఇప్పటికీ ముక్కలు ముక్కలుగా పైకి లేచి ఉంటుంది. కిండర్‌కి మే నెలలో వెళ్దువుగాని. అప్పుడు రాత్రి ఎనిమిది దాటినా నీకు దారి కనపడుతుంది.

పొలాల్లోంచి నడిచేటప్పుడు బెరుకు పడకు. నాకు మొదట్లో ఎవరి దొడ్లోనో దొంగలాగా దూరినట్టుండేది, దారి సరిగ్గా రైతు వాకిట్లోంచి పోతుంది మరి. పసుపు బాణం గుర్తు ఉంటే అది అందరి దారి. కిండర్ మీద అడవికోళ్ళ వేట కోసం దొరలు కాపలా పెట్టి జనాన్ని రానిచ్చేవాళ్ళు కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మికులు, కుర్రాళ్ళు, వందలమంది హేఫీల్డ్ నుంచి కావాలని పైకెక్కారు. ఐదుగురు జైలుకి వెళ్ళారు. 1951లో ఆ ప్రాంతమే ఆ దేశంలో మొదటి నేషనల్ పార్కు అయింది, 2000లో బీడు కొండల మీద తిరిగే హక్కు చట్టమైంది. ఆ హక్కుకి పాస్‌పోర్టు రంగు లేదు తల్లీ. తలెత్తుకుని నడువు.

గేటు ఎలా ఉంటే అలాగే వదులు, మూసుంటే మూసి, తెరిచుంటే తెరిచి. సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు ఎక్కొద్దు, దాటడానికి మెట్లుంటాయి. దూడలున్న ఆవుల మధ్యనుంచి పోవద్దు. ఎదురైన ప్రతివాళ్ళకీ మార్నింగ్ అను. పబ్బులో బల్ల దగ్గర కూర్చుంటే ఎవరూ రారు, కౌంటరు దగ్గరికి వెళ్ళి అడగాలి. లోపలికి వెళ్ళే ముందు బూట్ల బురద గీకు. నేను ఒక ఏడాది పైన పబ్బు గుమ్మం తొక్కలేదు, ఆడపిల్లనని, చీర కట్టానని. ఎంత చలి అనవసరంగా పడ్డానో.

ఈ సంచిలో మీ పెదనాన్న ఉన్ని టోపీ ఉంది. నీకు పెద్దదవుతుంది, చెవుల మీదికి లాక్కో. ఈల దారానికి కట్టే ఉంది, మెడలో వేసుకో, సంచి అడుగున పడెయ్యకు. తలకి పెట్టుకునే టార్చి మాత్రం అక్కడే కొను. సున్నుండలు పన్నెండు చేశాను, నెయ్యి ఎక్కువే వేశాను. నాలుగు కోటు జేబులో పెట్టుకో, మిగిలినవి ఆ పిల్లలకి కూడా పెట్టు.

ఈడేల్‌లో తిరుగు రైలెక్కగానే ఫోన్ చెయ్యి. ఆ రోజు నుంచి మనకీ మీకూ ఐదున్నర గంటల తేడా. నువ్వు నాలుగుకి ఎక్కితే ఇక్కడ తొమ్మిదిన్నర, ఆరుకి ఎక్కితే పదకొండున్నర. మేలుకునే ఉంటాను.

నీ
పెద్దమ్మ