శరణార్థి పిల్లలకి సంగీతం నేర్పిస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?

ఉంటుందండీ, చాలానే. మన నెల్లూరు నుంచి చెన్నై రైల్లో పోతుంటే గుమ్మిడిపూండి వస్తది కదా, అక్కడ శ్రీలంక తమిళుల శిబిరం ఉంది, 1983 అల్లర్ల తర్వాత వలసొచ్చిన కుటుంబాలు. వాళ్ళకి భాషన్నా కలిసింది, సిరియా నుంచి జర్మనీ పోయిన పిల్లలకి అదీ లేదు.

మాట రాకపోయినా కోలాటం ఆడొచ్చు. ఎదుటోడి కర్ర ఎప్పుడొస్తదా అని వాడి మొహం చూస్తా కాచుకోవాల, దెబ్బ తప్పితే ఇద్దరూ నవ్వేస్తారు, ఇంక పరిచయం అయిపోయినట్టే. నిదానంగా పాడేప్పుడు ఊపిరి మెల్లగా వదుల్తాం, దాంతో గుండె దడ తగ్గుద్ది, అందుకని బెదిరిపోయి ఉన్న పిల్లలకి కాసేపు 'స' పట్టించి కూనిరాగం తీయించినా మంచిదే. బాంబుల మోత విన్న పిల్లల దగ్గర మాత్రం ఉన్నట్టుండి డప్పు కొట్టొద్దు, రాగానే స్టేజీ ఎక్కించొద్దు.

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళ పాట మన పిల్లలకి నేర్పించమనడం. అప్పుడు ఆ బిడ్డే టీచరు. చీమకుర్తి క్వారీల్లో పనికొచ్చిన వేరే రాష్ట్రాలోళ్ళ పిల్లలు శరణార్థులు కాకపోయినా మన బడుల్లో వాళ్ళకీ ఇది చేయొచ్చు, ఖర్చేముంది, రెండు కర్రలే గదా. రోజూ నిద్రలో ఉలిక్కిపడి లేచే పిల్లలకైతే పాటొకటే చాలదు, డాక్టరుకి కూడా చూపించాల.