హైదరాబాద్‌లో చెకప్‌కి వెళ్తే గర్భిణుల మీద సిబ్బంది ఎందుకు కసురుకుంటారు?

"మొదటిసారి ప్రెగ్నెంట్‌ని. ఓపీకి వెళ్లిన ప్రతిసారీ సిస్టర్లు విసుక్కుంటున్నారు. అందరికీ ఇంతేనా?" అని అడిగారు కదా. చాలామందికి ఇంతే. పని ఒత్తిడి వల్ల అని చెప్పేవాళ్లని మాత్రం నమ్మకండి.

నేను కూకట్‌పల్లి వైపు ఒక పేరున్న ప్రైవేటు ఆస్పత్రిలో చూపించుకునేదాన్ని. అదే బిల్డింగ్‌లో పై ఫ్లోర్‌లో గుండె డాక్టర్ దగ్గరికి మా మామగారిని తీసుకెళ్తే "కూర్చోండి సార్, ఒక్క నిమిషం సార్" అనేవారు. అక్కడా జనమే, అక్కడా టోకెన్లే. కింద మాకు మాత్రం "ఏయ్ అమ్మా, ఫైల్ ఏది?" రేపు లేబర్ రూంలో వీళ్ల చేతిలోనే కదా ఉండాలి అని ఏ గర్భిణీ ఎదురు మాట్లాడదు. అది వాళ్లకి బాగా తెలుసు. అసలు కారణం ఇదే అని నా గట్టి నమ్మకం.

ఏడో నెల చెకప్ మాత్రం మర్చిపోలేను. కుర్చీలన్నీ నిండిపోయాయి. సగం వాటిలో తోడు వచ్చినవాళ్లే, ఒకావిడైతే పక్క కుర్చీలో టిఫిన్ బాక్స్ పెట్టుకుంది. చాలాసేపు నిలబడ్డాక నా పేరు పిలిచారు. బరువు మిషన్ ఎక్కగానే సిస్టర్ హాలంతా వినపడేలా "ఎనభై నాలుగు!" అని అరిచి, "ఇలా పెరిగితే నార్మల్ ఎట్లయితదమ్మా, ఆపరేషనే" అంది. వరుసలో ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు. నా మొహం ఎర్రగా కందిపోయింది. ఆ వెంటనే, నేను నిలబడి ఉండగానే, చేతికి పట్టీ కట్టేసింది. బీపీ 146/92. "అడ్మిషన్ రాయించుకోండి" అని ఫైల్ టేబుల్ మీద పడేసింది. మా ఆయన్ని పిలుద్దామంటే "జెంట్స్‌కి లోపలికి లేదు" అని సెక్యూరిటీ ఆయన గుమ్మం దగ్గరే ఆపేశాడు.

అప్పుడు ఒక పెద్దావిడ, ఆయా, ఎక్కడినుంచో స్టూల్ తెచ్చి వేసింది. "కూసో బిడ్డా, గట్ల నిలవడకు" అని మంచినీళ్లిచ్చింది. కాసేపయ్యాక జూనియర్ డాక్టర్ వచ్చి, చేయి టేబుల్ మీద పెట్టించి మళ్లీ చూస్తే 118/76. అడ్మిషనూ లేదు, ఏమీ లేదు. బీపీ చూసేముందు కనీసం ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకి ఆనుడు ఉండాలి, మాట్లాడించకూడదు. నర్సింగ్ చదివినవాళ్లకి ఇది తెలియనిదా?

ఇంకో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 81.5 శాతం. ఆ ఆపరేషన్ భయం డాక్టర్ గదిలో మొదలవదండీ, బరువు చూసే మిషన్ దగ్గరే మొదలవుతుంది.

ప్రభుత్వాసుపత్రిలో ఇంకా ఘోరం అనుకుంటారేమో. మా పనామె కోడలు ప్రతి నెలా 9న జరిగే ఉచిత చెకప్‌కి వెళ్లేది. ఒకసారి నేనూ తోడు వెళ్లాను. జాతరలా జనం, అయినా అక్కడి సిస్టర్ ప్రతి ఒక్కరినీ "తిన్నవా, రక్తం మాత్రలు ఏసుకుంటున్నవా" అని అడుగుతూనే ఉంది. గొంతు పెద్దదే గానీ, మాటలో విసుగు లేదు. చెప్పొచ్చేదేంటంటే, బిల్లు పెద్దదైనంత మాత్రాన మర్యాద పెద్దదవదు.

భర్తల సంగతి వేరే చెప్పాలి. ప్రసవం వేళ గర్భిణి కోరుకున్న తోడు పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. మన దగ్గర చాలాచోట్ల చెకప్‌కే రానివ్వరు. బిల్లు కౌంటర్ దగ్గర మాత్రం "సార్ ఎక్కడ?" అని వెతుకుతారు. పార్కింగ్ గొడవ ఎత్తితే ఈ జవాబు ఇప్పట్లో అవదు, వదిలేస్తున్నా.

మీరు చేయగలిగింది చెప్తా. "సిస్టర్, కాసేపు కూర్చున్నాక బీపీ చూడండి" అని నవ్వుతూనే, గట్టిగా అనండి. బరువు అరవకుండా ఫైల్‌లో రాయమనండి. అప్పటికీ కసురుకుంటే బ్యాడ్జ్ మీద పేరు పైకి చదవండి, స్వరం దానంతటదే మారుతుంది.

నేనైతే రెండో కాన్పుకి ఆస్పత్రే మార్చేశాను. కొత్తచోట డాక్టర్‌కి అంత పేరు లేదు, కానీ బరువు మిషన్ తెర వెనక ఉంది. "దీనికోసం అంత దూరమా?" అని మా అత్తగారు ఇప్పటికీ సాధిస్తారు. సాధించనీండి, ఆటో డబ్బులు నావే.