కొత్త డాక్టరుకు ఇన్సూరెన్స్ ఆమోదం వచ్చేదాకా ఏం చేయాలి?

ప్రశ్న: నమస్తే అక్కా. గుంటూరు మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్. చదివి, మిషిగన్‌లో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ చేశాను. హెచ్‌-1బి వర్క్ వీసా మీద డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఒక గ్రూప్ క్లినిక్‌లో చేరాను. టెక్సస్ లైసెన్స్ చేతికొచ్చింది కానీ ఇన్సూరెన్స్ కంపెనీల క్రెడెన్షియలింగ్ (డాక్టరు చదువు, లైసెన్స్, అనుభవం సరిచూసి తమ నెట్‌వర్క్‌లో, అంటే ఒప్పందం ఉన్న డాక్టర్ల జాబితాలో, చేర్చుకోవడం) తేలడం లేదు. అప్పటిదాకా నేను చూసే పేషెంట్ల బిల్లులు సీనియర్ డాక్టరు గారి పేరు మీద పంపుదామని, నాకు సగం జీతమే ఇస్తామని మేనేజర్ అంటున్నారు. కాలిఫోర్నియాలో సైకియాట్రిస్టుగా చేరిన నా ఫ్రెండుకు మాత్రం త్వరగా వచ్చేసింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక డాక్టరు, ఫ్రిస్కో

జవాబు: డాక్టరమ్మా, ముందు ఆ బిల్లుల సంగతి. ఒప్పుకోకండి. మీరు చూసిన పేషెంటును సీనియర్ చూసినట్టు బిల్లు పంపితే అది తప్పుడు క్లెయిమ్. ఆడిట్‌లో చార్టు మీద మీ సంతకం, బిల్లు మీద ఆయన పేరు కనబడితే ఇద్దరికీ చిక్కే. డాలస్ క్లినిక్‌లకు ఈ క్రెడెన్షియలింగ్ పనే చేస్తుంటాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. అసలు మీకు ఆ అడ్డదారి అవసరమే లేదు.

టెక్సస్ ఇన్సూరెన్స్ కోడ్ 1452వ అధ్యాయంలో ‘ఎక్స్‌పెడైటెడ్ క్రెడెన్షియలింగ్’ (త్వరిత ఆమోదం) అని ఒక వెసులుబాటు ఉంది. 2007లో తెచ్చారు. మీ గ్రూపుకు ఆ ఇన్సూరెన్స్ కంపెనీతో ఇప్పటికే కాంట్రాక్టు ఉండాలి. కంపెనీ అడిగిన కాగితాలన్నీ మీరు ఇచ్చి, ఆ కాంట్రాక్టు షరతులకు ఒప్పుకోవాలి. అప్పుడు దరఖాస్తు నడుస్తుండగానే, చెల్లింపుల వరకు మిమ్మల్ని నెట్‌వర్క్ డాక్టరుగా చూడాల్సిందే. పేషెంటు తన వాటాగా కట్టే కోపే తీసుకోవచ్చు. డైరెక్టరీలో పేరు వేయకపోవచ్చు, అది వాళ్లిష్టం. చివరికి మిమ్మల్ని కాదంటే, కంపెనీ నెట్‌వర్క్ రేటుకూ బయటి రేటుకూ ఉన్న తేడాను మీ దగ్గరో గ్రూపు దగ్గరో వసూలు చేసుకోవచ్చు. పేషెంటు మీద మాత్రం ఆ భారం పడకూడదు. ఈ చట్టంలో నాకు బాగా నచ్చింది అదే. షుగర్ మందులు రాయించుకోవడానికి వచ్చిన పెద్దాయనకు, లోపల కూర్చున్న డాక్టరు ఫైలు ఎక్కడ ఆగిందో ఎందుకు తెలియాలి?

నేను చూసినంతలో, క్లినిక్ రాతపూర్వకంగా అడగకపోతే ఫైలు మామూలు వరసలోనే ఉండిపోతుంది. ఇవాళే అడిగించండి. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల కోసం సొంత డబ్బుతో నడిపే సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లకు ఈ రాష్ట్ర చట్టం వర్తించదు. మెడికేర్‌కు (పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌కు) దరఖాస్తే వేరు.

ఇక మీ కాగితాలు. మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది పేరు దగ్గరే. ఎం.బి.బి.ఎస్. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లయ్యాక లైసెన్స్ మీద మరో ఇంటిపేరు. ముగ్గురూ ఒక్కరేనని చూపే కాగితం ముందే జతచేయండి. గత ఐదేళ్ల పనిలో ఆరు నెలలు దాటిన ఖాళీ ఉంటే కారణం అడుగుతారు. యు.ఎస్.ఎం.ఎల్.ఇ.కి (అమెరికా డాక్టరు లైసెన్స్ పరీక్షలకు) చదువుకున్న కాలాన్ని నెలలతో సహా రాయండి. సి.ఎ.క్యు.హెచ్. (ఇన్సూరెన్స్ కంపెనీలు డాక్టర్ల వివరాలు చూసుకునే ఆన్‌లైన్ ఖాతా) ప్రొఫైల్‌ను 120 రోజులకోసారి మళ్లీ ధ్రువీకరించాలి. ఆ గడువు దాటితే ఫైలు అక్కడే ఆగుతుంది, మీకు ఫోన్ చేసి చెప్పేవాళ్లుండరు.

మీ ఫ్రెండు అదృష్టం అనుకోకండి, అక్కడి చట్టమది. కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి మానసిక వైద్యం, వ్యసనాల చికిత్స చేసేవాళ్ల దరఖాస్తు పూర్తిగా అందాక 60 రోజుల్లో తేల్చాలి. మీలాంటి ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్లకు ఆ చట్టం వర్తించదు.

సగం జీతం మాట అసలు చెల్లదు. పని చూపలేకపోయినా, అనుమతులు రాలేదన్నా హెచ్‌-1బి ఉద్యోగికి ఎల్‌.సి.ఎ. (వీసా కోసం యజమాని కార్మిక శాఖకు ఇచ్చే జీతం హామీ పత్రం) ప్రకారం రావలసిన జీతం పూర్తిగా ఇవ్వాల్సిందే. మేనేజర్ నోటితో అన్నదాన్ని ఈమెయిల్‌లో రాయమని అడగండి. పే స్టబ్‌లు అన్నీ దాచుకోండి. అప్పటికీ తగ్గిస్తే ఇమిగ్రేషన్ లాయరును కలవండి, క్లినిక్ పెట్టిన లాయరును కాదు, మీరు ఫీజు కట్టి పెట్టుకున్న లాయరును.