కుక్కను పెంచుకుంటే ఆఫీసు ఒత్తిడి నిజంగా తగ్గుతుందా?

మీ ఉత్తరం చదివాను. విశాఖలో రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి పదకొండు దాటితే గానీ ముగియని కాల్స్, మధురవాడలో ఒంటరి ఫ్లాటు. కుక్కపిల్లను తెచ్చుకుంటే మనసు కాస్త తేలికపడుతుందేమోనని మీ ఆశ. ‘ఉన్న తలనొప్పులు చాలవా’ అని మీ అమ్మగారి అభ్యంతరం. ఇద్దరి మాటలోనూ నిజముంది. నా అనుభవంలో మాత్రం ఆ తలనొప్పే మందుగా పనిచేసింది.

నేను పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ సంస్థలో పనిచేస్తాను. కంటెయినర్ దిగిన దగ్గర నుంచి సరుకు గేటు దాటేవరకు కాగితాల బాధ్యతంతా మా నెత్తినే. దిగుమతి సరుకు వివరాలు కస్టమ్స్‌కు తెలిపే బిల్ ఆఫ్ ఎంట్రీలో ఒక్క అంకె తేడా వచ్చినా సరుకు ఆగిపోతుంది. ఆగితే డెమరేజీ, అంటే గడువు దాటి సరుకు నిలిచినందుకు కట్టాల్సిన రుసుము, పడుతుంది. డెమరేజీ పడిన దగ్గర నుంచి సరుకు యజమాని గంటగంటకూ ఫోను చేస్తాడు. ఇంటికి వచ్చినా ఆ ఫోను ఆగదు. ఆగినా చెవిలో మోగుతూనే ఉంటుంది.

మా ఇల్లు చినవాల్తేరులో. మా కుక్క పేరు గవ్వ. జాతికుక్క కాదు, మా వీధిలోనే పుట్టిన నాటు కుక్క. అది నన్ను ఓదార్చిన సందర్భాలు తక్కువే. సినిమాల్లోలాగా యజమాని దిగులు కనిపెట్టి ఒళ్ళో తల పెట్టే రకం కాదు. దానికి తెలిసిందల్లా పని చెప్పడం. తెల్లవారకముందే బయటికి తీసుకెళ్ళాలి, నీళ్ళ గిన్నె నింపాలి, రాత్రి గోమార్లు ఏరాలి.

ఈ గోమార్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మన ఊళ్ళో కుక్కను పెంచేవారికి ఇది తప్పదు. ఈ సముద్రపు తేమకు, అందులోనూ వానాకాలంలో, మందులు వేసినా ఒకటో రెండో పట్టుకుంటాయి. వదిలేస్తే జ్వరం తెస్తాయి, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఒక్కోసారి కుక్క ప్రాణం మీదికే వస్తుంది. అందుకని రాత్రి భోజనాలయ్యాక గవ్వను గచ్చు మీద పడుకోబెట్టి, చెవి తిరగేసి మడతల్లో వెతుకుతాను. తరువాత మెడ కింద, చివరికి కాలివేళ్ళ సందుల్లో. రక్తం తాగి ఉబ్బినవి వెంటనే కనబడతాయి. చిన్నవి వేలికొసకు తగిలితేనే తెలుస్తాయి. పట్టకారును చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగాలి. నలిపితే ప్రమాదం, సగం లోపల తెగిపోతే అక్కడ పుండు పడుతుంది. ఆ కాసేపూ రెండు చేతులూ ఖాళీ ఉండవు, చూపు పక్కకు తిప్పడానికి వీలుండదు. ఫోను మోగుతుంది, మోగి మోగి ఊరుకుంటుంది. నేను ధ్యానం తరగతులకూ వెళ్ళి చూశాను. శ్వాసను గమనించమంటే నాకు డెమరేజీ లెక్కలే గుర్తుకు వచ్చేవి. గవ్వ చెవిలో గోమారి దొరికినప్పుడు ఏ లెక్కా గుర్తుకు రాదు.

పరిశోధనలు ఏమంటున్నాయని కూడా అడిగారు. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో 249 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. పది నిమిషాలు కుక్కలనూ పిల్లులనూ నిమిరినవారి లాలాజలంలో ఒత్తిడికి సూచిక అయిన కార్టిసాల్ హార్మోను తగ్గినట్టు అందులో తేలింది. బాగానే ఉంది గానీ, ఆ విద్యార్థులు పది నిమిషాలు నిమిరి వెళ్ళిపోయారు. కింద పడిన వెంట్రుకలు ఊడ్చింది వేరొకరు! నాకు ఇంకా నచ్చింది 2002లో కరెన్ ఆలెన్ బృందం 240 జంటలపై చేసిన పరిశోధన. మనసులో లెక్కలు చేయించి, చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టించి, గుండె వేగమూ రక్తపోటూ కొలిచారు. పెంపుడు జంతువు దగ్గరున్నప్పుడు అవి తక్కువగా పెరిగాయి, త్వరగా మామూలు స్థితికి వచ్చాయి. లెక్కలు చేసేటప్పుడు జీవిత భాగస్వామి పక్కనుంటే మాత్రం ఒత్తిడి పెరిగిందట. పెళ్ళయినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. లెక్క తప్పితే కుక్క ఏమీ అనుకోదు కదా.

ఇక పొద్దుటి నడక. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కాబట్టి కుక్కతో నడవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కాళీమాత గుడి దాటి కురుసుర జలాంతర్గామి వైపు వెళ్ళి వచ్చేలోపు గవ్వ ప్రతి దీపస్తంభం దగ్గరా ఆగుతుంది. అది ఆగినప్పుడల్లా నేనూ ఆగాలి. అలా ఆగిన చోటల్లా ఎవరో ఒకరు పలకరిస్తారు. వాళ్ళకు నా ఉద్యోగం ఏమిటో తెలియదు, చాలామందికి నా పేరూ తెలియదు. నేను ‘గవ్వ వాళ్ళ నాన్న’ను, అంతే. పోర్టు మాట లేకుండా మనుషులతో మాట్లాడేది నేను ఆ గంటలోనే.

అయితే ఖర్చూ చాకిరీ లేవని చెప్పను. దీపావళి వారమంతా బాణసంచా చప్పుళ్ళకు గవ్వ మంచం కింద నుంచి బయటికి రాదు, మాకు నిద్ర ఉండదు. ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. నగరపాలక సంస్థ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అపార్టుమెంటు సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ అద్దె ఇంటి యజమానితో ముందుగా మాట్లాడుకోకపోతే ఆ కాగితం మిమ్మల్ని ఆదుకోదు. చలి ప్రాంతాల జాతి అయిన హస్కీల జోలికి మాత్రం దయచేసి వెళ్ళకండి. మన ఉక్కపోతలో ఏసీ గదిలో బంధించి పెంచడం దానికీ శిక్షే, మీ కరెంటు బిల్లుకూ శిక్షే.

మీ పనివేళలు చూస్తే పసి కుక్కపిల్ల వద్దంటాను. రోజంతా దాని వెనక ఒకరు ఉండాలి, లేకపోతే ఇల్లంతా పాడు చేస్తుంది. ఎదిగిన నాటు కుక్కను దత్తత తీసుకోండి, లేదా పిల్లిని తెచ్చుకోండి. పిల్లి ఒంటరిగా కొన్ని గంటలు హాయిగా నిద్రపోతుంది. మీరు నిద్ర పట్టడం లేదనీ, ఏడుపు వస్తోందనీ కూడా రాశారు. ఆ భారం జంతువు మీద పెట్టకండి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను నంబరు 14416, తెలుగులో మాట్లాడవచ్చు. ముందు అక్కడికి ఫోను చేయండి, కుక్క సంగతి తరువాత.

ఒక మాట వినండి. సంక్రాంతికి ఊరు వెళ్ళేవాళ్ళందరూ కుక్కను ఎవరి దగ్గర వదలాలా అని వెతుక్కుంటూ ఉంటారు. మీ ఆఫీసులోనే ఎవరో ఒకరు దొరుకుతారు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఆ కుక్కను మీ దగ్గర పెట్టుకోండి. వీలైతే ఆ రోజుల్లో మీ అమ్మగారినీ రమ్మనండి, ఆవిడ అభ్యంతరాల్లో ఏవి నిలుస్తాయో అప్పుడే తేలుతుంది.